పాటల అంగళ్ళు – మన ఇంటి తెలుగు

ఈమధ్య మన సంఘ సమావేశములందును, వార్షిక సంచికలందును పాతకాలపు గ్రామఫోను అంగళ్ళను తలచుకొనుట పెద్దలకు పరిపాటి యైనది. కుక్కబొమ్మ గల ప్లేటు, సూదుల డబ్బా, కీ యిచ్చి త్రిప్పెడు పెట్టె – వీనిని గూర్చి ముచ్చటింపనివారు లేరు. తలపోత మధురమే, కాని తలపోత విమర్శ కాదు. ఆ అంగళ్ళు మన కిచ్చిన దెంత, ఈయక విడిచిన దెంత, మన చెవిని ఎచ్చట దిద్దినవి, ఎచ్చట వంకర త్రిప్పినవి అను ప్రశ్నలు ఈ ముచ్చటలలో తరచుగా వినరావు. హొసూరు, గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల తెలుగు కుటుంబములకు ఈ ప్రశ్న వట్టి కాలక్షేపము కాదు. ఇంట తెలుగు, బడిలో కన్నడము, కచేరీలో కన్నడముతోపాటు ఇంగ్లీషు – ఇట్లు పెరిగిన మనకు మంచి తెలుగు చెవిని బడిన దారులు కొన్నియే. వానిలో గ్రామఫోను ప్లేటు ముఖ్యమైనది. మా తరమువారిలో పెద్ద బాలశిక్ష ముట్టనివారు కలరు. ప్లేటు మీది పద్యము నోటికి రానివారు తక్కువ. కావున మెచ్చుకోలును తప్పెన్నుటయు రెండును చేయుట న్యాయమని మేము తలంచుచున్నాము.

మొదట మన చోటు ఎట్టిదో చెప్పుకొనవలయును. గౌరిబిదనూరు తాలూకాలోని హొసూరు చిన్న ఊరు, విద్యావేత్త హెచ్. నరసింహయ్యగారు 1920లో జన్మించిన ఊరని దానికి పేరు. రైలు దారిని పట్టుకొని ఉత్తరమునకు పోయిన హిందూపురము, దక్షిణమునకు పోయిన బెంగుళూరు. బాగేపల్లి దాటిన అనంతపురపు సీమ. చింతామణి నుండి మదనపల్లెకు దారి. కోలారు జిల్లా నుండి విడదీసి 2007లో చిక్కబళ్ళాపురము జిల్లాను ఏర్పరచిరి. కాని జిల్లా గీతలు మారినను ఇండ్లలోని మాట మారలేదు. ఇట్టి ఊళ్ళలో రికార్డులు మాత్రమే అమ్ము అంగడి నిలుచుట కష్టము. మనము "పాటల అంగడి" అని పిలుచుకొన్నది నిజమునకు మూడు విధములైన చోట్లు.

మొదటిది రేడియో బాగుచేయువాని అంగడి. విప్పిన రేడియోల నడుమ, టంకము వాసనలో, గోడకు చేరవేసిన కొన్ని ప్లేట్లు. అవి అమ్మకమునకో, బాగుచేసిన పెట్టెను పరీక్షించుటకో తెలియదు, అడిగినవారికి వినిపించెడివాడు. రెండవది మైకుసెట్టువాని కొట్టు. పెండ్లి, జాతర, శ్రీరామనవమి, గణేశుని పండుగ – అన్నిటికిని అతడే. ఊరిలో అందరికన్న ఎక్కువ ప్లేట్లు గలవాడు ధనవంతుడు కాడు, ఇతడే. డేరా సినిమాకు ఆట మొదలగుటకు ముందు కొమ్ముబూరలో నుండి వచ్చు పాటలును ఇట్టివాని పెట్టెలోనివే. ఏ పాట వచ్చిన ఆట మొదలగునో ఊరందరికిని తెలిసియుండెను. మూడవది బెంగుళూరు. చిక్కపేట, అవెన్యూ రోడ్డు, మెజెస్టిక్ వైపు పనిమీద పోయినవారు చీరలతోను, మందులతోను పాటు ఒక ప్లేటును పాతగుడ్డలో చుట్టి తెచ్చెడివారు. లక్కప్లేటు చేయి జారిన ముక్కలే. బస్సులో దానిని ఒడిలో పెట్టుకొని తెచ్చుట పసిబిడ్డను తెచ్చినట్లుండెను.

ప్లేటు చరిత్రను క్లుప్తముగా చూతము. మన దేశమున గ్రామఫోను కంపెనీవారు పాటలు పట్ట మొదలిడినది 1902 నవంబరులో, కలకత్తాలో. గౌహర్ జాన్ పాటలు ఆనాటివే. ఆ తొలినాళ్ళ ప్లేట్లు జర్మనీలోని హానోవరులో అచ్చయి ఓడలలో వచ్చెడివి. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసెను. ప్లేటునకు కావలసిన లక్క మన అడవులదే. 1925 ప్రాంతమున విద్యుత్ మైకు వచ్చువరకు గాయకులు పెద్ద బూర నోటిలోనికి గొంతెత్తి పాడవలసియుండెను. కావున మెత్తని గొంతులు, సన్నని గమకములు ఆ కాలపు ప్లేట్లలో సరిగా నిలువలేదు. పది అంగుళముల ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరుగును; ఒక్కొక్క ప్రక్క మూడు, మూడున్నర నిమిషములకు మించి పట్టదు. ఈ కొలతను మరచి ఆనాటి పాటను తూచుట తప్పు. పాడువారు తమ విద్య నంతటిని చూపలేదు. ఆ కొలతలో ఇమిడినదానినే చూపిరి.

ఆ బూరకాలమున పాడినవారిలో బెంగుళూరు నాగరత్నమ్మగారిని మనము ప్రత్యేకముగా స్మరింపవలయును. 1878లో మైసూరు సీమలోని నంజనగూడున జన్మించిన ఆమె, ముద్దుపళని తెలుగు కావ్యమైన 'రాధికా సాంత్వనము'ను 1910లో పరిష్కరించి అచ్చువేయించెను. ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించినను వెనుదీయలేదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించి తన ఆస్తి నంతటిని దానికే ధారపోసి 1952లో గతించెను. కన్నడసీమలో పుట్టి, తెలుగు గ్రంథమును కాపాడి, తమిళదేశమున తెలుగు వాగ్గేయకారుని గుడి నిలిపిన ఆమెకన్న సరిహద్దు తెలుగువారికి ఆదర్శమెవరు? అయినను మా ప్రాంతపు ఇండ్లలో ఆమె ప్లేటు ఒక్కటియు మా కంటబడలేదు. అంగడి తెచ్చినదే ఊరు వినును. ఊరు అడిగినదే అంగడి తెచ్చును. ఈ రెంటి నడుమ జారిపోయినవారు ఎందరో.

మన ఊళ్ళు అడిగినది నాటక పద్యము. హరిశ్చంద్ర, కృష్ణరాయబారము, చింతామణి – ఈ నాటకముల పద్యములకే మా పెద్దలు ప్రాణము పెట్టిరి. చింతామణి పట్టణమునకు పేరు మరాఠా నాయకుడైన చింతామణిరావు వలన వచ్చినదే యైనను, కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకము ఆ ఊరిదేయని నమ్మినవారిని మేము చూచితిమి. డి. వి. సుబ్బారావు, కపిలవాయి రామనాథశాస్త్రి, అద్దంకి శ్రీరామమూర్తి, ఈలపాట రఘురామయ్య మున్నగు వారి కంఠములను మా పెద్దలు నాటకశాలలో కాక ప్లేటు మీదనే ఎరుగుదురు. కోస్తా నాటక సమాజములు మా ఊరికి వచ్చుట అరుదు, ప్లేటు వచ్చెను.

ఆ మూడు నిమిషములు పద్యమును ఏమి చేసెనో చూడవలయును. రంగస్థలమున నటుడు పద్యపు చివరి పాదము నెత్తుకొని రాగమును ఎంతసేపైనను సాగదీయును. జనులు "వన్స్ మోర్" అని కేకవేసిన మరల మొదటినుండి పాడును. ప్లేటు మీద ఆ స్వేచ్ఛ లేదు. సీసపద్యమును ఎత్తుగీతితో సహా ముగించిన పిమ్మట ఆలాపనకు మిగులునది పిడికెడు కాలమే. దీనివలన మేలొకటి కలిగెను: మాట తేటపడెను. యతి ఎచ్చట, విరుపు ఎచ్చట, సమాసము ఎచ్చట ముగియును అనునది అక్షరము రానివానికిని చెవికి తెలిసెను. ఉత్పలమాల నడక వేరు, ఆటవెలది నడక వేరు అని మాకు ఛందస్సు చెప్పినవాడు పండితుడు కాడు, ప్లేటు. కీడును ఒకటి కలిగెను: పద్యము కథనుండి తెగిపోయెను. ఎవరు, ఎవరితో, ఏ దుఃఖములో పలికిరో తెలియకయే రాగము చెవిని పట్టుకొనెను. హరిశ్చంద్రుని కాటిసీను పద్యములను – అందు గుఱ్ఱం జాషువాగారి శ్మశానపు పద్యములును చేరియున్నవి – పెండ్లి పందిటిలో మైకుసెట్టువాడు వేయుటయు, మగపెండ్లివారు తలలూపుటయు మేము చెవులార విన్నాము. నవ్వదగిన దైనను ఇది విమర్శకు యోగ్యమైన సంగతియే. భావము విడిచిన రాగము ఎచ్చటనైనను ఇముడును.

ఈ చోట బళ్ళారి రాఘవాచార్యులవారి మాట తలపునకు వచ్చును. బళ్ళారి 1953లో మైసూరు రాష్ట్రమున చేరిన పట్టణము. తెలుగు కన్నడములు రెండును నడయాడు చోటు, మన వంటిదే. 1880లో జన్మించి 1946లో గతించిన రాఘవ, రంగస్థలమున పాటకన్న మాటకును, రాగముకన్న భావమునకును పెద్దపీట వేసిన నటుడు. ఆయన మార్గము రంగమున ఎంత వెలిగినను, ప్లేటు అంగడిలో రాగమే గెలిచెను. అంగడికి కావలసినది మరల మరల వినదగినది. నటుని మౌనమును ప్లేటు మీద ఎవరు కొనెదరు?

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఈ తగవును తీర్చిరని మా అభిప్రాయము. 1922లో జన్మించి విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రిగారి చెంత సంగీతము నేర్చిన ఆయన, పద్యమునకు కావలసినంత రాగమునే ఇచ్చి, మాటకు ఊపిరి విడిచెను. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి 'పుష్పవిలాపము'ను ఆయన పాడిన ప్లేటు మన యిండ్లలో కన్నీరు తెప్పించినది రాగముచేత కాదు. పువ్వు పలికిన మాట స్పష్టముగా వినబడుటచేత. నాటకాభిమానులు కొందరు దీనిని ఒప్పుకొనరు. పద్యము గంభీరతను వీడి లలితగీతమైనదని వారి ఫిర్యాదు. అందు కొంత నిజము లేకపోలేదు. ఘంటసాలవారి తప్పు కాకున్నను, ఆయన తరువాత పాడువారందరును ఆ ఒక్క బాణీనే అనుకరింపగా, నటుల పలువిధములైన పద్యరీతులు వెనుకబడినవి. ఒక మంచి రికార్డు పది మంచి సంప్రదాయములను మౌనపరచగలదు. ఇది ప్లేటునకు పుట్టుకతో నున్న గుణము; గాయకుని నిందింప పనిలేదు.

ఇక అంగడి నడత. విని కొనుట ఆ కాలపు మర్యాద. అంగడివాడు సూది మార్చి, ప్లేటు తుడిచి, మొదటి నాలుగు చుట్లు వినిపించును. ఇష్టమైన సరే, కాకున్న ఇంకొకటి. అడిగినవాని ముఖము చూచి "మీకిది కాదు, ఇది వినుడు" అని చెప్పగల అంగడివాడు ఆ ఊరికి విమర్శకునితో సమానము. నెలజీతగాడు నెలకొక ప్లేటు కొనుటయే గొప్ప. కావున కొనుటకు ముందు ఇంటిలో ఆలోచన, కొన్న పిమ్మట వీధివారికి విందు. అందరు అంగడివారును ధర్మాత్ములు కారు. మేము గుమాస్తా పనిలో చేరిన క్రొత్తలో బెంగుళూరున ఒక అంగడివాడు గీత పడిన ప్లేటును క్రొత్తదని మాకు అంటగట్టెను; ఇంటికి వచ్చి పెట్టగా గాయకుడు ఒకే మాటను విడువక జపించెను. మా తల్లి "ఇతనికి ఈ మాట చాల యిష్టము కాబోలు" అనినది. అయినను పది ప్లేట్లు విని ఒకటి ఎన్నుకొనిన అలవాటు మా కెంతో నేర్పినది. ఎన్నుకొనుటలో నిరాకరించుట కలదు. నిరాకరించుటకు కారణము చెప్పుకొనుటయే విమర్శకు ఓనమాలు.

ఆ అంగడి బల్ల మీద తెలుగు కన్నడములకు తగవు లేకుండెను. ఈ సంగతిని నేటి యువకులు గుర్తింపవలయును. కన్నడ కంఠీరవుడు రాజకుమారునికి ఏండ్ల తరబడి పాడిన పి. బి. శ్రీనివాస్‌గారు 1930లో కాకినాడలో పుట్టిన తెలుగువారు. 1974లో 'సంపత్తిగె సవాల్' చిత్రమునుండి రాజకుమారుడు తన పాటలను తానే పాడ మొదలిడువరకు ఇరువురి కంఠమును వేరుచేసి వినినవారు లేరు. 1965 నాటి కన్నడ 'సత్య హరిశ్చంద్ర'కు సంగీతము కూర్చినవారు పెండ్యాల నాగేశ్వరరావుగారు. అందు కులభేదమును నిలదీయు పాటను పాడినవారు ఘంటసాలవారు. ఆ పాట కన్నడనాట ఇప్పటికిని మారుమ్రోగుచున్నది. పరభాషలో పాడుచు ఉచ్చారణలో తప్పు రానీయని ఆ గాయకులు మనకు ఒక పాఠము చెప్పిరి: ఉన్న సీమ భాషను గౌరవించుట, ఇంటి భాషను విడుచుట కాదు. మా ఊళ్ళలో తెలుగు పాటకు కన్నడ పిల్లలును, కన్నడ పాటకు తెలుగు పిల్లలును ఒకే మైకు క్రింద ఆడిరి.

శాస్త్రీయ సంగీతము విషయమున మా మెప్పు కొంత తగ్గును. త్యాగరాజ కీర్తనలు తెలుగు. పాడినవారు పెక్కురు తమిళులు, కన్నడిగులు. రాగము నిండుగా నుండియు, పదము ఎచ్చటనో విరిగి, అర్థము మరెచ్చటికో పోయెడిది. మైసూరు మహారాజా కళాశాలలో ఏండ్ల తరబడి తెలుగు బోధించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, సంగీత సాహిత్యములు రెండును ఎరిగిన విమర్శకులు, మాట చెడిన పాటను మెచ్చువారు కారు. ప్లేటు విని కీర్తన నేర్చుకొన్న మన యాడపిల్లలు ఆ విరుపులనే నేర్చుకొనిరి. మన యింటి భాషలోని కీర్తనను మనమే అర్థము కాకుండ పాడుట విచారింపదగిన సంగతి కాదా? ఇందుకు మారుగా, బాలమురళీకృష్ణగారి రామదాసు కీర్తనల రికార్డు మన యిండ్లకు వచ్చినప్పుడు ముసలివారు సైతము మాట మాటకు తలయూపిరి. ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతము 1963లో రికార్డుగా వచ్చిన పిమ్మట ప్రతి గుడి మైకునందును అదియే తెల్లవారుపాట యైనది. ఆమె ఉచ్చారణ నిర్దుష్టము. కాని గుడిలో ముసలి భాగవతుడు తన గొంతుతో పాడు మేలుకొలుపును ఎవరును అడుగకపోయిరి. మంచి పాట వచ్చి మన పాటను త్రోసివేసినది. త్రోసినది పాట కాదు, మన బద్ధకము.

ఇచ్చటనే మా ప్రధానమైన ఆక్షేపణ కలదు. ఆ అంగళ్ళ అరలలో తెలుగు ఎంత యున్నను, మన తెలుగు లేకుండెను. చింతామణి తాలూకా కైవారమున వెలసిన నారాయణ యతీంద్రులు – మన నోట కైవారము తాతయ్య – గాజులమ్ముకొని బ్రతికి, యోగియై, తెలుగున కన్నడమున తత్త్వములును కీర్తనలును చెప్పిరి. 1726 మొదలు 1836 వరకు నూటపదేండ్లు జీవించిరని సంప్రదాయము. తంబుర, చిడతలతో ఆ తత్త్వములను పాడు భజన గుంపులు మన పల్లెలలో ఉండెడివి. ఆ పాటల ప్లేటు ఒక్కటియు మేము చూచిన అంగళ్ళలో లేదు. వడ్లు దంచు పాటలు లేవు, పెండ్లిలో అప్పగింతలపాటలు లేవు, సంక్రాంతికి మన యాడవారు పాడు పాటలు లేవు. మద్రాసులో పాటలు పట్టిన కంపెనీలకు కోస్తా నాటకము తెలియును, మద్రాసు సినిమా తెలియును. బాగేపల్లి పల్లెలో పాడు ముసలమ్మ తెలియదు. కంపెనీ వ్యాపారము చేయుటకు వచ్చినది, మన యిల్లు చక్కబెట్టుటకు కాదు. దాని తప్పు స్వల్పము. తప్పు మనది. ప్లేటులోని తెలుగే తెలుగనియు, మన నోటిది కన్నడము కలిసిన ముతకమాట యనియు మనము నమ్మితిమి. పిల్లలు ప్లేటు పలుకు పలికిన మురిసి, అవ్వ పలుకు పలికిన దిద్దితిమి. చెవి బాగుపడెను, నోరు సిగ్గుపడెను.

సిగ్గుపడిన నోటికి ఏమగునో తెలుపుటకు తిరుమల రాగిరేకుల సంగతి చాలును. 1408 మొదలు 1503 వరకు జీవించిన తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కబడి శతాబ్దములు కోవెలలోని అరలో నుండి, 1922లో వెలుగు చూచినవి. రేకు సాహిత్యమును దాచెను, రాగము పేరును దాచెను, బాణీని దాచలేదు. పాడెడి పరంపర తెగినందున, రాళ్ళపల్లివారు తిరుపతికి పోయి ఆ పాటలలో పెక్కింటికి స్వరములు క్రొత్తగా కూర్పవలసివచ్చెను. ఆయన 1979లో బెంగుళూరున గతించిరి. అంతటి మహనీయుడు దొరికెను గనుక అన్నమయ్య మరల పాటయైనాడు. కైవారము తాతయ్య తత్త్వములు పుస్తకములలో అచ్చయినవి; ఇప్పుడు కైవారమున గురుపూర్ణిమకు మూడు దినములు ఎడతెగక సంగీతోత్సవము జరుగుచున్నది; పెద్ద విద్వాంసులు వచ్చి పాడుచున్నారు. సంతోషము. కాని విద్వాంసుని బాణీ వేరు, పల్లె భజనలో ముసలివారు పాడు బాణీ వేరు. రెండవదానిని పట్టుకొనకున్న, అక్షరము మిగిలి పాట పోవును. అప్పుడు మనకు రాళ్ళపల్లివారు మరల దొరకరు.

ప్లేటు చేయలేనిదానిని క్యాసెట్టు చేయగలిగియుండెను. ఫిలిప్సు కంపెనీవారు 1963లో కనిపెట్టిన ఆ చిన్న పెట్టె 1980 తరువాత మన ఊళ్ళకు వెల్లువవలె వచ్చెను. ఖాళీ క్యాసెట్టును, పాటల జాబితాను ఇచ్చిన రెండు దినములకు నింపి యిచ్చు అంగళ్ళు ప్రతి తాలూకా పట్టణమున వెలసినవి. జాబితా వ్రాయుటయు ఒక విద్యయే: ఒక ప్రక్కకు ఎన్ని పాటలు పట్టును, ఏ పాట ప్రక్కన ఏది యుండవలయును అని తెలుగున వ్రాయరానివారు కన్నడ అక్షరములలో తెలుగు పాటల పేర్లు వ్రాసి యిచ్చెడివారు. ఘంటసాలవారు 1974 ఫిబ్రవరిలో గతించిన పిమ్మట విడుదలైన భగవద్గీత రికార్డు క్యాసెట్టుగా మారి మన ఊళ్ళలో చావింట తప్పక వినబడునదైనది. ఇప్పుడు ఆ గొంతు మైకులో వినబడిన ఎవరింట అని అడుగుదురేగాని ఎంత చక్కగా పాడెనని అనువారు లేరు. ఇదియును ఒక అన్యాయమే. క్యాసెట్టు పెట్టెలో పట్టు మీట యుండెను. పాట వినుటకే గాక పాడి పట్టుటకును అది పనికివచ్చును. మన యిండ్లలో ఎందరు ఆ మీట నొక్కి అవ్వచేత పాడించిరి? పిల్లల కేరింతలు పట్టితిమి, అమెరికా పోయిన కొడుకునకు క్షేమసమాచారములు పట్టితిమి; పాటలు పట్టలేదు.

అంగడులకు ఏమైనదో చూచిన కాలగతి తెలియును. 1974లో బెంగుళూరున రెండు వ్యాపారములు మొదలైనవి. ఒకటి మనోహర్ నాయుడుగారి లహరి. అది పాటల హక్కులు కొని, క్యాసెట్టును, తరువాతి పళ్ళెములను దాటి, 2015లో 'బాహుబలి' తెలుగు పాటలను విడుదలచేయువరకు ఎదిగెను. రెండవది సంగీతా అను రికార్డుల అంగడి; అది నేడు ఊరూర చేతిఫోనులు అమ్ముచున్నది. పాటను పట్టుకొన్నవాడు పాటతో నిలిచెను. వస్తువును పట్టుకొన్నవాడు వస్తువుతో మారెను. ఎవరిని తప్పుపట్టను వీలులేదు. పాత గ్రామఫోను కంపెనీయే సారేగామా అని పేరు మార్చుకొని, 2017లో వేలకొలది పాత పాటలు నింపిన కారవాన్ అను పెట్టెను అమ్మగా ముసలివారు ఎగబడి కొనిరి. మీటల మీద గాయకుల పేర్లు, లోపల ముందే ఎన్నిపెట్టిన పాటలు. ఎన్నుకొను శ్రమ తీరెను. శ్రమతోపాటు ఎన్నుకొను బుద్ధియు తీరకుండ చూచుకొనవలయును.

యువకులు మమ్ము ఎదురుప్రశ్న వేయుదురు: "నేడు చేతిఫోనులో లోకములోని పాటలన్నియు ఉన్నవి, డి. వి. సుబ్బారావు ఉన్నాడు, గౌహర్ జాన్ ఉన్నది. మీ అంగడి లేకున్న నష్టమేమి?" ప్రశ్న న్యాయమైనది. పాటల లెక్క చూచిన నష్టము లేదు, లాభమే. అంగడిని మరల తెరువుడని మేము కోరుట లేదు. లక్కప్లేటు బరువును, సూది గీరుడును మాకు దైవములు కావు. పోయినది వేరు. ఒక పాటను నలుగురు కూడి వినుట పోయెను. విని "బాగున్నది", "బాగులేదు, ఏమనగా" అని వాదించుకొనుట పోయెను. చెవిలో తీగె పెట్టుకొన్న మనుమడు ఏమి వినుచున్నాడో ప్రక్కన కూర్చున్న తాతకు తెలియదు. తాత ఒకప్పుడేమి పాడెనో మనుమనికి తెలియదు. భాష వంశములో దిగునది ఒకే చప్పుడును ఇరువురు వినినప్పుడే. తెలుగు బడి లేని సీమలో ఈ నష్టము రెట్టింపు.

కావున విమర్శతో ఆగక సంఘమువారి ముందు మూడు విన్నపములు ఉంచుచున్నాము. మొదటిది: అటకల మీద, పెట్టెలలో మిగిలిన ప్లేట్లను, క్యాసెట్లను పారవేయక, ఏ యింట ఏమున్నదో ఒక పట్టిక వ్రాయింపుడు. ఇది గుమాస్తా పని. మేము ఉచితముగా చేయుదుము. రెండవది: నెలకొక సాయంకాలము పది పాటలు వినిపించి, విన్న పిమ్మట మాటలాడు సభ పెట్టుడు, పిల్లలకును మాటలాడు హక్కు ఈయుడు, వారు కన్నడము కలిపి మాటలాడిన నవ్వకుడు. మూడవది అన్నిటికన్న ముఖ్యము: మన యిండ్లలో డెబ్బది దాటిన ఆడవారు, భజన పాడు ముసలివారు ఎందరో యున్నారు. వారిచేత పాడించి చేతిఫోనులోనే పట్టుడు. పట్టిన పాటకు పాడినవారి ఊరు, నేర్పినవారు, ఏ సందర్భమున పాడుదురు, తేది – ఈ నాలుగును చెప్పించి చేర్పుడు. రాగము పేరు తెలియకున్న చింతలేదు. గొంతు వణకిన ఆపకుడు. ఆ వణకులోనే బాణీ యున్నది. మూడు నిమిషముల కొలత ఇప్పుడు లేదు; పాట ఎంత పొడవైన అంత పట్టవచ్చును.

కంపెనీవారికి వంద సంవత్సరములలో తోచని పని మన జేబులోని యంత్రముతో ఒక్క వేసవి సెలవులలో జరుగును. పాత అంగడి మనకు వినుట నేర్పెను, ఎన్నుటయు నేర్పెను. ఆ ఋణము నిజమైనదే. దానిని తీర్చునది అంగడిని పొగడు వ్యాసములు కావు. అది తన అరలో పెట్టని పాటలను మనము మన అరలో పెట్టుకొనుటయే. రాబోవు సంచికకు వ్యాసము పంపు ప్రతి కుటుంబము వ్యాసముతోపాటు ఒక పాటను గూడ పట్టి తెచ్చిన, ఈ విమర్శ సార్థకమైనదని మేము భావింతుము.